నాణేల సంచులలో వెండి నాణేల అన్వేషణ

బ్యాంకుల నుండి చిల్లర నాణేలను చుట్టలుగా గాని సంచులుగా గాని ముఖవిలువకే తీసుకొని, వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి, అందులో కలిసిపోయిన పాత వెండి నాణేలను ఏరుకొని, మిగిలిన వాటిని తిరిగి బ్యాంకులో జమచేసే అభిరుచిని నాణేల సంచులలో వెండి నాణేల అన్వేషణ అంటారు. ఇది నాణేల సేకరణలో ఒక శాఖ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది ఎక్కువగా వ్యాప్తిలో ఉన్నది. భారతదేశంలో ఈ పద్ధతి యథాతథంగా సాగదు. ఎందుకనగా ఇక్కడ వెండి నాణేలను ప్రభుత్వమే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చలామణీ నుండి తొలగించినది. తెలంగాణలో ప్రధానంగా పూర్వపు వరంగల్లు జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ప్రాంతంలో వెండి రూపాయలను వెదకవలసినది బ్యాంకు సంచులలో కాదు. ఇళ్ళలోని పెట్టెలలో, పూజ గూళ్ళలో, నగలలో. ఈ నాణేలలో అధిక భాగం రెండు రకాలకు చెందుతుంది: హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియా రూపాయి అయిన కల్దారు.

అభిరుచి పుట్టుక

అమెరికాలో పది సెంట్ల, ఇరవై అయిదు సెంట్ల, అర డాలరు నాణేలు 1964 వరకు 90 శాతం వెండితో ముద్రించబడేవి. వెండి ధర పెరిగి నాణెంలోని లోహం విలువ ముఖవిలువను మించే పరిస్థితి రావడంతో, 1965 నాటి నాణేల చట్టం ద్వారా పది, ఇరవై అయిదు సెంట్ల నాణేల నుండి వెండిని పూర్తిగా తొలగించారు. అర డాలరులో 1970 వరకు 40 శాతం వెండి కొనసాగినది. యుద్ధ అవసరాలకు నికెల్ కావలసి వచ్చినందున 1942–45 మధ్య అయిదు సెంట్ల నాణేలలో కూడ 35 శాతం వెండి వాడబడినది.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమనగా, అమెరికా ప్రభుత్వం పాత వెండి నాణేల చెల్లుబాటును రద్దు చేయలేదు. అవి నేటికీ ముఖవిలువకు చెల్లుతాయి. కనుక ఎవరైనా తెలియక ఖర్చుచేసినవి, పెద్దలు దాచినవి వారసులు బ్యాంకులో జమచేసినవి తిరిగి చుట్టలలోకి వచ్చి చేరుతాయి. అన్వేషకుడు అర డాలర్ల పెట్టెను (1000 నాణేలు, 500 డాలర్లు) తెచ్చుకొని నాణేల అంచును చూస్తాడు. కొత్త నాణెం అంచున రాగి రంగు గీత కనిపిస్తుంది, 90 శాతం వెండి నాణెం అంచు అంతా తెల్లగా ఉంటుంది. వెండి దొరకకపోయినా పెట్టుబడి పోదు, శ్రమ మాత్రమే పోతుంది. ఈ అభిరుచికి ఉన్న ఆకర్షణ అంతా ఈ ఒక్క ఏర్పాటుపై ఆధారపడి ఉన్నది.

బ్రిటనులో 1920 నుండి నాణేలలో వెండిని 50 శాతానికి తగ్గించి, 1947లో పూర్తిగా మానివేశారు.

భారతదేశంలో వెండి నాణేల ఉపసంహరణ

ఈస్టిండియా కంపెనీ 1835లో ఏకరూప రూపాయిని ప్రవేశపెట్టినది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు (91.7 శాతం) వెండి. ఒక రూపాయి బరువు సరిగ్గా ఒక తులం కావడం వలన ఈ నాణెం అంగళ్ళలో తూకపు రాయిగా కూడ పనిచేసినది. నాటు వైద్యంలో వినిపించే "రూపాయి ఎత్తు" అనే కొలత ఈ రూపాయిదే. నేడు వాడుకలో పది గ్రాములను తులమని అంటున్నారు గాని, పాత లెక్కలు చదివేటప్పుడు 11.66 గ్రాములనే గ్రహించవలెను.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత ప్రజలు నోట్లకు బదులు వెండి రూపాయలను కోరి దాచుకోసాగారు. దీనితో 1940లో రూపాయిలోని వెండిని 50 శాతానికి తగ్గించారు. ఈ మిశ్రమంలో 50 పాళ్ళు వెండి, 40 పాళ్ళు రాగి, 5 పాళ్ళు నికెల్, 5 పాళ్ళు తుత్తునాగం ఉండేవి. నకిలీలను అరికట్టుటకు అంచున ప్రత్యేకమైన గాడిని ఏర్పరచారు. ఆ పిదప 1941–43 మధ్య విక్టోరియా రాణి బొమ్మ గల రూపాయలు మొదలుకొని, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి, ఆరవ జార్జి బొమ్మలు గల మేలిమి వెండి రూపాయల చెల్లుబాటును వరుసగా రద్దు చేశారు. 1946–47లో వెండిని పూర్తిగా వదలి శుద్ధ నికెల్ నాణేలు తెచ్చారు. 1947 నాటి నికెల్ రూపాయికి ఒకవైపు ఆరవ జార్జి, మరొకవైపు పులి బొమ్మ ఉంటాయి. రంగు చూచి దీనిని వెండి అని భ్రమించేవారు చాలామంది.

ఉపసంహరించిన వెండిలో గొప్ప భాగం దేశంలో మిగలలేదు. యుద్ధకాలంలో అమెరికా నుండి అప్పుగా తెచ్చిన సుమారు 22.6 కోట్ల ఔన్సుల వెండిని తిరిగి ఇవ్వవలసి ఉండగా, సగం వెండి గల రూపాయలను కరిగించి, శుద్ధి చేసి, 1957 నాటికి ఆ బాకీని తీర్చారు. కనుక భారతీయ బ్యాంకు సంచిలో వెండి లేకపోవడానికి కారణం ప్రజల అశ్రద్ధ గాని అన్వేషకుని దురదృష్టం గాని కాదు. ప్రభుత్వం వాటిని లెక్కపెట్టి వెనుకకు తీసుకొని కరిగించినది. ఖజానాకు చేరక ఇళ్ళలో ఉండిపోయినవే నేడు లభించేవి.

స్వాతంత్ర్యం తరువాత వెండి నాణేలు స్మారక ముద్రణలుగా మాత్రమే వచ్చాయి. వీటిలో ఎక్కువగా కనిపించేది గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో వచ్చిన పది రూపాయల నాణెం (15 గ్రాములు, 80 శాతం వెండి). 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల నాణెంలో 50 శాతం వెండి ఉన్నది.

హాలీ సిక్కా

హైదరాబాదు రాజ్యానికి తన సొంత నాణేలను ముద్రించుకొనే హక్కు ఉండేది. 1857 తిరుగుబాటు వరకు ఈ నాణేలు మొగలు చక్రవర్తి పేరుతో వెలువడగా, అఫ్జలుద్దౌలా కాలంలో 1858 నుండి అసఫ్ జా పేరుతో రాసాగాయి. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడ టంకశాలలు ఉండేవి. మొదటి సాలార్ జంగ్ సంస్కరణలలో ముద్రణ రాజధానికి పరిమితమైనది. హాలీ సిక్కా అనగా చలామణీలో ఉన్న నాణెం అని అర్థం. తొలి నాణేలు సుత్తి దెబ్బతో ముద్రించినవి. అచ్చు నాణెం కన్న పెద్దది కావడం వలన అక్షరాలు సగమే పడేవి. 1903లో సైఫాబాదు టంకశాల యంత్రాలతో ప్రారంభమైనది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే చార్మినారు బొమ్మ గల యంత్ర ముద్రిత రూపాయి వచ్చినది. గ్రామాలలో "చార్మినారు రూపాయి" అని పిలిచేది దీనినే.

రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. రూపాయి, ఎనిమిదణాలు, నాలుగణాలు, రెండణాలు (బేడ) వెండితోను, తక్కువ విలువ గలవి రాగి, కంచు, రాగి-నికెల్ లోహాలతోను వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రెండు, నాలుగు, ఎనిమిదణాల నాణేలు నికెల్ తో ముద్రించబడినవి. కావున ఒకే చార్మినారు బొమ్మ గల పావలా వెండిది కావచ్చు, నికెలుది కావచ్చు.

హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కల్దారు కన్న ఇది కొంత తక్కువ విలువ గలది. కల్దారు అనగా యంత్రంతో చేసినది అని అర్థం. సుత్తి దెబ్బ హాలీ నాణెం నుండి వేరుగా గుర్తించుటకు ఈ పేరు వచ్చి, హాలీ నాణెం కూడ యంత్రంపై ముద్రించబడిన తరువాత సైతం నిలిచిపోయినది. రెంటికీ మారకపు రేటు ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఈ రేటు ఎక్కడి నుండి వచ్చినదో విద్యార్థులు స్వయంగా లెక్కించి చూడవచ్చు. ఒక హాలీ రూపాయిలోని వెండి 9.14 గ్రాములు, ఏడింటిలో 64.0 గ్రాములు. ఒక కల్దారు రూపాయిలోని వెండి 10.69 గ్రాములు, ఆరింటిలో 64.1 గ్రాములు. అనగా రేటు కాగితంపై పెట్టినదైనా వెండి తూకంతో దాదాపు సరిపోవుచున్నది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కొరత వచ్చినందున 1918లో హైదరాబాదు ప్రభుత్వం నోట్లను ప్రవేశపెట్టినది. ఆ నోట్లపై ఉర్దూతో పాటు తెలుగులో కూడ విలువ వ్రాసి ఉండేది. 1942లో కార్యకలాపాలు ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కా వ్యవహారాలను చూచేది. (ఇదే 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.) 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత, 1950 నుండి భారత రూపాయి హాలీ సిక్కాతో పాటు చలామణీలోకి వచ్చినది. 1951లో హాలీ సిక్కా జారీ నిలిచిపోయినది, 1959లో దాని చెల్లుబాటు రద్దయినది. పాత కల్దారు రూపాయల రద్దుకు, హాలీ సిక్కా రద్దుకు మధ్య ఉన్న ఈ పదహారేళ్ళ తేడా తెలంగాణ ఇళ్ళలో చార్మినారు రూపాయలు ఎక్కువగా మిగలడానికి ఒక కారణంగా భావించవచ్చు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతం

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. నిజాం కాలంలో ఇది వరంగల్లు సుబా పరిధిలోని ప్రాంతం. భూపాలపల్లి జిల్లాలోని కాటారం, మహాదేవపూర్ భాగాలు మాత్రం కరీంనగర్ వైపు నుండి వచ్చి కలిసినవి. జనగామ, మహబూబాబాదు రెండూ సికింద్రాబాదు నుండి కాజీపేట, డోర్నకల్ మీదుగా విజయవాడకు పోయే రైలు మార్గంలో ఉన్నాయి. నిజాం రైల్వే నిర్మించిన ఈ మార్గం 1889లో మద్రాసు రాష్ట్రంలోని బెజవాడను చేరినది. మార్గానికి ఒక కొనన హాలీ చెల్లేది, మరొక కొనన కల్దారు చెల్లేది. ఈ పట్టణాల చుట్టుపక్కల ఒకే పెట్టెలో చార్మినారు బొమ్మ, రాజు బొమ్మ కలిసి కనిపించడానికి ఈ ఇరుగుపొరుగుతనమే తగిన వివరణ. గోదావరి ఒడ్డున అడవులతో నిండిన భూపాలపల్లి వైపు రైలు లేదు.

మహబూబాబాదు జిల్లాలో లంబాడీ జనాభా ఎక్కువ. లంబాడీ స్త్రీల సంప్రదాయ వేషంలో రూపాయి నాణేల దండలు, రవికకు కుట్టిన నాణేలు ప్రసిద్ధం. వీటికి కొక్కెం అతికించి గాని, రంధ్రం వేసి గాని గుచ్చుతారు. సేకర్తలు సాధారణంగా రంధ్రం పడిన నాణేనికి తక్కువ విలువ కడతారు. ఇది సేకర్తల లెక్క మాత్రమే. ఏ నాణేలు ఏ కాలంలో తండాకు చేరినవో తెలుసుకోవడానికి విడి నాణెం కన్న దండయే మంచి ఆధారం. ఒక దండలోని నాణేల సంవత్సరాలను వరుసగా వ్రాసుకొంటే, చివరి సంవత్సరం ఆ దండ కూర్చిన కాలానికి దిగువ హద్దు అవుతుంది. దండను విప్పి నాణేలను వేరుచేసి అమ్మినచో ఈ సమాచారం పోతుంది, తిరిగి రాదు.

ఇళ్ళలోని వెండి రూపాయలు ఎక్కువగా వెలుపలికి వచ్చేది కంసాలి దుకాణం ద్వారానే. పెళ్ళిళ్ళకు మట్టెలు, పట్టీలు చేయించేటప్పుడు పాత వెండి కింద వీటిని తూకానికి ఇస్తారు. తూకంలో అన్నీ ఒకటే. కరిగించిన పిమ్మట 1905 నాటి రూపాయి, 1942 నాటి రూపాయి అనే భేదం ఉండదు. కాని అమ్మే వారికి తెలియవలసినది ఏమనగా వాటిలోని వెండి ఒకటి కాదు:

* కల్దారు రూపాయి (1835–1939): 11.66 గ్రాములు, అందులో వెండి 10.69 గ్రాములు
* చార్మినారు రూపాయి: 11.18 గ్రాములు, అందులో వెండి 9.14 గ్రాములు
* ఆరవ జార్జి రూపాయి (1940–45): 11.66 గ్రాములు, అందులో వెండి 5.83 గ్రాములు
* ఆరవ జార్జి పులి బొమ్మ రూపాయి (1947): వెండి లేదు
* గాంధీ పది రూపాయలు (1969): 15 గ్రాములు, అందులో వెండి 12 గ్రాములు

అన్నింటినీ కలిపి ఒకే తరుగు కట్టి కొనేటప్పుడు మేలిమి కల్దారు, చార్మినారు రూపాయలు ఇచ్చిన వారు నష్టపోతారు. కనుక తూకానికి పోకముందే ఇంటిలోనే సంవత్సరాల వారీగా వేరుచేసుకోవడం మంచిది.

బ్యాంకులకు చిల్లర చేరే మార్గాలలో ఆలయ హుండీలు ఒకటి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుండి విడిపోయిన ములుగు జిల్లాలోని మేడారం సమ్మక్క సారలమ్మ జాతర హుండీలను హనుమకొండలోని తిరుమల తిరుపతి దేవస్థానం కళ్యాణమండపంలో లెక్కిస్తూ వచ్చారు. నగదుతో పాటు వెండి, బంగారు కానుకలు, విదేశీ కరెన్సీ బయటపడుతుంటాయి. ఇటువంటి చోట పాత నాణెం కనిపించినా అది దేవాదాయ లెక్కలలోకి పోతుందే గాని బ్యాంకు సంచిలోకి రాదు.

గుర్తించే విధానం

ముందుగా సంవత్సరం చదవవలెను. బ్రిటిషు నాణేలపై క్రీస్తుశకం ఉంటుంది. హైదరాబాదు నాణేలపై హిజ్రీ సంవత్సరం ఉర్దూ అంకెలలో ఉంటుంది. ఉర్దూలో చుక్క సున్నాను, మన సున్నా వంటి గుండ్రని గుర్తు అయిదును సూచిస్తాయి. తెలుగు చదువరులు సాధారణంగా ఇక్కడే తడబడతారు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97 చేత గుణించి 622 కలిపితే క్రీస్తుశకం రమారమి వస్తుంది. ఉదాహరణకు 1343 హిజ్రీ 1924–25కు, 1361 హిజ్రీ 1942కు సరిపోతాయి. నిజాం ప్రభుత్వ దస్తావేజులలో కనిపించే ఫసలీ సంవత్సరం వేరు. దానికి 590 కలపవలెను. నాణేలకు ఫసలీ లెక్క వర్తింపజేస్తే పదేళ్ళ వరకు తేడా రాగలదు. నాణెం రెండవవైపు పాలకుని పట్టాభిషేకం నుండి లెక్కించిన సంవత్సరం కూడ ఉంటుంది.

చార్మినారు నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది "మీమ్" అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలపుది (1911 వరకు), "ఐన్" అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. రెండవవైపు మధ్యన "యక్ రూపియా" అని, చుట్టూ "ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్" అనే టంకశాల పేరుతో పాటు పాలన శుభప్రదం కావలెనన్న పారశీక వాక్యం ఉంటాయి.

బ్రిటిషు కాలపు అణా, రెండణాల, నాలుగణాల, ఎనిమిదణాల రాగి-నికెల్ నాణేలపై తెలుగులో కూడ విలువ ముద్రించి ఉంటుంది. కావున ఆ కాలపు నాణెంపై తెలుగు అక్షరాలు కనిపిస్తే అది వెండి కాదని వెంటనే చెప్పవచ్చు. తెలుగు వారికి మాత్రమే అందుబాటులో ఉన్న పరీక్ష ఇది.

లోహాన్ని పరీక్షించుటకు అయస్కాంతం సులభ సాధనం. శుద్ధ నికెల్ నాణెం అయస్కాంతానికి అంటుకొంటుంది, వెండి అంటుకోదు. అయితే అంటుకోనిదంతా వెండి కాదు. రాగి-నికెల్, జర్మన్ సిల్వర్ కూడ అంటుకోవు. అందువలన తూకం, నీటి తూకం అవసరం. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీటిలో ముంచి తూచినప్పుడు తగ్గే బరువు దాని ఘనపరిమాణాన్ని తెలుపుతుంది. మంచి కల్దారు రూపాయి నీటిలో సుమారు 1.13 గ్రాములు, చార్మినారు రూపాయి సుమారు 1.10 గ్రాములు తగ్గుతాయి. తగ్గుదల 1.3 గ్రాములకు దగ్గరగా ఉంటే ఆ నాణెం నకిలీ కావడానికే అవకాశం ఎక్కువ. ఇది ఉన్నత పాఠశాలలో నేర్చే ఆర్కిమెడిస్ సూత్రమే. నాణెం అరుగుదలను కూడ లెక్కలోకి తీసుకోవలెను.

దీపావళికి, ధనత్రయోదశికి నగల దుకాణాలలో అమ్మే రాణి బొమ్మ, రాజు బొమ్మ బిళ్ళలు ఈ నాణేలకు అనుకరణలు. వీటిలో వెండి ఉండవచ్చు గాని చారిత్రక విలువ ఉండదు. అరుదైన సంవత్సరాలకు నకిలీలు ఎక్కువ. 1939 నాటి ఆరవ జార్జి మేలిమి రూపాయి ఇందుకు పేరుపొందినది. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిపై రాజు వస్త్రం మీది ఏనుగు పందిని పోలి ఉన్నదని అభ్యంతరం రాగా, 1912 నుండి బొమ్మను దిద్దారు. "పంది రూపాయి" అని సేకర్తలు పిలిచే ఆ నాణేన్ని భూతద్దంతో గుర్తించవచ్చు.

నాణేలను చింతపండు, ముగ్గు, బూడిదలతో తోమరాదు. నల్లబారిన పైపొర వెండికి హాని చేయదు. తోమినప్పుడు గీతలు పడి, సేకరణ విలువ శాశ్వతంగా పోతుంది.

నేటి సంచులలో దొరకగలవి

వెండి లేకపోయినా భారతీయ సంచులు బొత్తిగా శూన్యం కావు. బ్యాంకులలో నాణేలు సాధారణంగా నూరేసి చొప్పున ప్లాస్టిక్ సంచులలో ఉంటాయి. రిజర్వు బ్యాంకు సూచనల ప్రకారం బ్యాంకు శాఖలు ప్రజలకు నాణేలు ఇవ్వవలెను, వారి వద్ద నుండి స్వీకరించవలెను. ఒక రూపాయి, అంతకు మించిన నాణేలు వెయ్యి రూపాయల వరకు చట్టబద్ధమైన చెల్లింపు. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గలవి 2011 జూన్ 30తో రద్దయినవి.

సంచిలో వెదకదగినవి స్మారక నాణేలు, పాత రాగి-నికెల్ రూపాయలు, బరువైన పాత అయిదు రూపాయల నాణేలు. సంవత్సరం కింద ఉండే గుర్తును బట్టి టంకశాలను తెలుసుకోవచ్చు: నక్షత్రం హైదరాబాదుకు, వజ్రాకారం ముంబైకి, చుక్క నోయిడాకు చెందుతాయి; గుర్తు లేనిది కోల్‌కతాది. పది రూపాయల నాణేలు చెల్లవనే వదంతి వలన తెలుగు రాష్ట్రాలలో దుకాణదారులు వాటిని తీసుకోవడానికి నిరాకరించగా, అన్ని నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చినది. అప్పటికి జారీ అయిన నమూనాలు పద్నాలుగు. ఈ పద్నాలుగింటిని ముఖవిలువకే సేకరించడం విద్యార్థులకు తగిన ఆరంభం.

చట్టాలు

ఇంటి పెట్టెలో వారసత్వంగా వచ్చిన నాణెం వేరు, భూమిలో దొరికిన నాణెం వేరు. 1878 నాటి భారత నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధియే. దాని విలువ పది రూపాయలు మించితే దొరికిన వ్యక్తి కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలిపి, దానిని ఖజానాలో జమచేయవలెను, లేదా హామీ ఇవ్వవలెను. దాచిన వారికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలిపిన వారికి నష్టమేమీ లేదు: యజమాని ఎవరూ లేరని తేలితే నిధిలో దొరికిన వ్యక్తికి, భూమి యజమానికి వాటా ఉంటుంది. ప్రభుత్వం తీసుకోదలచినచో లోహం విలువకు అయిదవ వంతు అదనంగా చెల్లించవలెను. పది రూపాయల హద్దు 1878 నాటిది కాబట్టి నేడు ఒక్క వెండి రూపాయి దొరికినా ఈ నియమం వర్తిస్తుంది.

2021 ఏప్రిల్ లో జనగామ సమీపంలోని పెంబర్తి వద్ద భూమిని చదును చేయుచుండగా రాగి పాత్రలో బంగారు, వెండి నగలు బయటపడినవి. పెంబర్తి లోహపు రేకు కళకు ప్రసిద్ధి చెందిన గ్రామం. దొరికినవి నాణేలు కావు, ఆభరణాలు. వార్త వ్యాపించగానే జనం గుమిగూడారు. అధికారులు వచ్చి పాత్రను స్వాధీనం చేసుకొన్నారు. ఇటువంటి సందర్భాలలో వస్తువులు దొరికిన స్థలం, లోతు, పాత్ర ఆకారం, వస్తువుల అమరిక పురావస్తు శాఖకు వెండి తూకం కన్న విలువైన సమాచారం. పొలాలలో లోహశోధకాలతో నిధుల కొరకు తవ్వడం ఈ అభిరుచిలో భాగం కాదు.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దానిని కేంద్ర ప్రభుత్వ అనుమతి లేక విదేశాలకు తీసుకొనిపోరాదు. మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినారు రూపాయలన్నీ ఇప్పటికే ఈ పరిధిలోకి వచ్చినవి. అయిదవ జార్జి, ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలు ఏటేటా కొన్ని చేరుచున్నవి. విదేశాలలో స్థిరపడిన తెలుగువారు తాతల నాటి రూపాయలను జ్ఞాపకార్థం వెంట తీసుకొనిపోయే ముందు ఈ విషయం గమనించవలెను. చెల్లుబాటులో ఉన్న నాణేలను కరిగించడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలో నాణెం అనగా చెల్లుబాటులో ఉన్నది మాత్రమే కాబట్టి హాలీ, కల్దారు నాణేలను కరిగించడాన్ని అది అడ్డుకోదు.

మోసాలు

పాత నాణేలకు లక్షల రూపాయలు ఇస్తామనే ప్రకటనలు సామాజిక మాధ్యమాలలో తరచుగా కనిపిస్తాయి. నాణెం ఫోటో పంపిన వారికి ముందుగా ధర ఆశ చూపి, తరువాత నమోదు రుసుము, పన్ను, రిజర్వు బ్యాంకు కమీషను అంటూ విడతల వారీగా డబ్బు రాబడతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ఒక ప్రకటన విడుదల చేసి, తాను ఇటువంటి వ్యవహారాలలో పాలుపంచుకోనని, ఎటువంటి రుసుము గాని కమీషను గాని అడగనని, తన తరఫున వసూలు చేయుటకు ఏ సంస్థకూ వ్యక్తికీ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసినది. వైష్ణోదేవి బొమ్మ గల 2012 నాటి అయిదు రూపాయల నాణెం ఇటువంటి ప్రకటనలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇది సంచులలో ముఖవిలువకే దొరికే నాణెం. కొనేవాడు అమ్మేవాని వద్ద నుండి ముందుగా డబ్బు అడగడం ఏ సంతలోనూ లేని ఆచారం.

నిజమైన నాణేలను పోల్చి చూచుకొనుటకు హైదరాబాదులోని సైఫాబాదు టంకశాల భవనంలో 2022లో ఏర్పాటైన ప్రదర్శనశాల ఉపయోగపడుతుంది. ఈ టంకశాలలో ముద్రణ 1997లో చర్లపల్లికి తరలిపోయినది. చార్మినారు రూపాయలు 1903 నుండి వెలువడినది ఈ ఆవరణ నుండే.